చెవిపోటుకి చుక్కలు అడిగే ముందు

చెవిపోటుకి చుక్కల మందు ఇవ్వమని మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళని నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఏమన్నా నమిలేటప్పుడు ఎక్కువవుతోందా?" చాలామంది నావంక వింతగా చూస్తారు. చెవి గురించి చెబుతుంటే ఈవిడ తిండి గురించి అడుగుతుందేంటి అన్నట్టు. కొంతమంది మాత్రం ఒక్క క్షణం ఆగి, దవడ అటూ ఇటూ ఆడించి చూసుకుని, "అవునండీ, నిన్న జంతికలు తింటుంటే చెవిలో పొడిచినట్టయింది" అంటారు. అలాంటివాళ్ళకి నేను చుక్కలు ఇవ్వను. బేరం పోయిందని మా ఆయన గొణుక్కుంటాడు, అది వేరే సంగతి.

మాది గుంటూరు బ్రాడీపేటలో మెడికల్ షాపు. నేను బీఫార్మసీ చదివాను. డాక్టర్ని కాను, ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. కానీ ఇన్నేళ్ళుగా కౌంటర్ వెనకాల నిలబడి జనం ఏ నొప్పికి ఏ మందు అడుగుతారో చూస్తున్నాను. పైగా ఈ చెవీ దవడా గొడవ నాకే వచ్చింది కాబట్టి రోగి వైపు నుంచి కూడా కొంత తెలుసు.

ముందు ఒక చిన్న పని చేయండి. చిటికెన వేలు చెవి రంధ్రం మొదట్లో పెట్టి, మెత్తగా ముందుకి, అంటే మొహం వైపుకి నొక్కి, నోరు తెరిచి మూయండి. వేలి కింద ఏదో జరుగుతున్నట్టు తెలుస్తుంది. అది మీ కింది దవడ ఎముక తల. కణత ఎముకలో ఉన్న గుంటలో అది కూర్చుని ఉంటుంది, రెంటికీ మధ్య మెత్తటి చిన్న బిళ్ళ ఒకటి. మాట్లాడినా, నమిలినా, ఆవలించినా ఈ కీలు కదలాల్సిందే. డాక్టర్లు దీన్ని టీఎంజే అంటారు. చెవి గొట్టానికీ దీనికీ మధ్య ఉన్నది పలచటి గోడ. అంత దగ్గర.

దగ్గరగా ఉండటం ఒక్కటే కాదు. ఈ కీలు నుంచి నొప్పి కబురు మోసుకెళ్ళే ఆరిక్యులోటెంపోరల్ అనే నరమే చెవి ముందుభాగానికీ, చెవి గొట్టంలో కొంత భాగానికీ కూడా పనిచేస్తుంది. రెండు వాటాల ఇంటికి ఒకటే కాలింగ్ బెల్ ఉంటే పక్కవాటా వాళ్ళ కోసం వచ్చినవాడికి మనం తలుపు తీసినట్టు, దవడలో పుట్టిన నొప్పికి మెదడు చెవి తలుపు తీస్తుంది. ఆ నరం అయిదో కపాల నరానికి చెందిన కొమ్మ. పళ్ళకీ దవడ కండలకీ కూడా ఆ అయిదో నరమే. గొంతు నుంచి, నాలుక మొదలు నుంచి, మెడ పైభాగం నుంచి వచ్చే వేరే నరాల కొమ్మలు కూడా చెవిలోకి వస్తాయి. అందుకే చెవి ఏ తప్పూ చేయకుండానే ఊళ్ళోవాళ్ళ నొప్పులన్నీ మోస్తుంటుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేం కాదు. 1934లోనే అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే ఈఎన్‌టీ డాక్టరు, చెవి నొప్పి, చెవి దిబ్బడ అంటూ వచ్చే కొందరిలో అసలు తగాదా దవడ కీలు దగ్గర ఉందని రాశాడు. వెనక పళ్ళు ఊడిపోయి దవడ లోపలికి నొక్కుకుపోవడమే కారణమని ఆయన అనుకున్నాడు. ఆ వివరణ తర్వాత నిలబడలేదు కానీ, చూసింది మాత్రం సరిగ్గానే చూశాడు.

ఇక నా సంగతి. మార్చి ఆఖరు అంటే మాకు స్టాకు లెక్కలు, ఎక్స్‌పైరీ మందులు వెనక్కి పంపడం, ఆడిటరు ఫోన్లు. ఆ టెన్షన్‌లో ఉండగా పొద్దున్న నిద్ర లేచేసరికి కుడి చెవిలో బరువు, కణతలో లాగుడు మొదలైంది. షాపు తెరిచి నాలుగు బిల్లులు కొట్టేసరికి తగ్గేది. మళ్ళీ తెల్లారితే మామూలే. మా అత్తగారు వెల్లుల్లి రేకలు వేసి నువ్వులనూనె కాచి పట్టుకొచ్చింది. "అమ్మాయ్, రెండు చుక్కలు వేస్తా, పడుకో" అంది. వద్దన్నాను. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె లోపలికి పోయి చీము పట్టిస్తుంది, వేడి చూసుకోకపోతే కాలుతుంది కూడా. ఆవిడ చిన్నబుచ్చుకుని నూనె పక్కన పెట్టి, పాత పంచె మడత పెనం మీద వేడి చేసి దవడ మీద కాపడం పెట్టింది. అది మాత్రం హాయిగా అనిపించింది. అప్పటికి నాకు తెలియదు గానీ సగం వైద్యం అక్కడే ఉంది.

ఊళ్ళో ఒకచోట చూపించుకుంటే, చెవిలోకి లైటు కూడా వేయకుండా యాంటీబయాటిక్ రాసి ఇచ్చారు. ఆ చీటీ మా షాపులోనే ఉండిపోయింది, మందు తీయలేదు. చెవిలో చీము లేదు, జ్వరం లేదు, వినికిడి బాగానే ఉంది. దేనికి ఆ మందు? తర్వాత కొత్తపేటలో ఒక ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చెవి డొప్ప పట్టుకుని పైకి వెనక్కి లాగాడు. చెవి ముందున్న బుడిపె నొక్కాడు. నొప్పి లేదన్నాను. బయటి చెవి గొట్టం వాచి ఉంటే ఆ రెండింటికీ రోగి ఎగిరి పడతాడట. లైటు వేసి చూస్తే గులిమి లేదు, కర్ణభేరి మామూలుగానే ఉంది. "చెవిలో ఏం లేదమ్మా, డెంటిస్టుకి చూపించుకో" అని ఫీజు మాత్రం తీసుకున్నాడు. తీసుకోవాల్సిందే, ఆ మాట చెప్పడానికే వెళ్ళాను కదా.

డెంటిస్టు అమ్మాయి నాకంటే చిన్నది. కుర్చీలో కూర్చోబెట్టి ముందు నోట్లోకే చూడలేదు. పళ్ళు గట్టిగా బిగించమంది. బిగిస్తే దవడ మూల దగ్గర ఉబికే కండ ఒకటుంటుంది, అది రెండు వేళ్ళతో పట్టుకుని, వదిలేయమని, ఒకచోట నొక్కింది. నా చెవి లోపల పోటు లేచింది. అదే పోటు, పొద్దున్నే వచ్చేదే. వేలేమో బుగ్గ మీద, నొప్పేమో చెవిలో. "ఇదేనా ఆంటీ?" అని నవ్వింది. తర్వాత నోరు తెరవమంటే మూడు వేళ్ళు నిలువుగా పట్టాయి కానీ దవడ తిన్నగా దిగకుండా కుడివైపుకి వంకర తిరుగుతోందట. బుగ్గ లోపల పళ్ళ వరస అచ్చు తెల్లటి గీతగా పడి ఉంది. నాలుక అంచులు పళ్ళ మధ్య ఒత్తుకుని సొట్టలు పడ్డాయి. కోరపళ్ళ మొనలు అరిగిపోయాయి. "నిద్రలో పళ్ళు కొరుకుతున్నారు" అంది. ఇంటికెళ్ళి అడిగితే మా ఆయన "అవును, ఎప్పటినుంచో కటకటమని చప్పుడు, ఎలుకేమో అనుకున్నా" అన్నాడు.

పొద్దున లేవగానే నొప్పి ఎక్కువగా ఉంటే రాత్రి నిద్రలో కొరుకుడు, సాయంత్రానికి పెరిగితే పగలు తెలియకుండా బిగించడం. ఇది అన్ని కేసులకీ పట్టే కొలత కాదు కానీ డాక్టరుకి చెబితే పనికొచ్చే కబురు. ఈ బాధ 20 నుంచి 40 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. దెబ్బ తగలడం, కీళ్ళవాతం, పంటి వైద్యం కోసం చాలాసేపు నోరు తెరిచి కూర్చోవడం, ఎప్పుడూ బబుల్‌గమ్ నమలడం, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడటం, గెడ్డం కింద చెయ్యి ఆన్చి చదువుకోవడం, ఏదైనా కావచ్చు. తరచుగా ఒకటి కాదు, రెండు మూడు కలుస్తాయి. పరీక్షల రోజుల్లో ఇంటర్ పిల్లలు నా దగ్గరికి ఈ నొప్పితో వస్తుంటారు. ఈ ఊళ్ళో ఎన్ని కాలేజీలో మీకు తెలుసు కదా.

నోరు తెరిచేటప్పుడు కటుక్కుమని చప్పుడు రావడం గురించి చాలామంది బెంగ పడతారు. నొప్పి లేకుండా, నోరు బాగానే తెరుచుకుంటూ, చప్పుడు ఒక్కటే వస్తుంటే దానికి వైద్యం అక్కర్లేదు. మధ్యలో ఉన్న బిళ్ళ కొంచెం ముందుకి జరిగి మళ్ళీ చోటికి వచ్చేటప్పుడు వచ్చే చప్పుడు అది. ఎంతోమందికి ఉంటుంది. నోరు మధ్యలో ఇరుక్కుపోయి తెరుచుకోకపోతేనే ఆలోచించాలి. అప్పుడు కావాలంటే ఎంఆర్ఐ తీస్తారు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ ఆ బిళ్ళ కనిపించదు.

ఆ డెంటిస్టు అమ్మాయి నాకు మొదట చెప్పింది మందు కాదు. "పెదాలు కలవాలి, పళ్ళు కలవకూడదు." నాలుక కొస పై పళ్ళ వెనక అంగిటికి ఆనించి దవడని వదులుగా వేలాడనివ్వడం. పళ్ళకి పళ్ళు ఆనాల్సింది నమిలేటప్పుడూ మింగేటప్పుడే, మిగతా రోజంతా మధ్యలో సందు ఉండాలి. ఇది చదువుతూ మీరు పళ్ళు బిగించి ఉన్నారేమో ఒకసారి చూసుకోండి. నేను రేట్లు వేసే గుండ్రటి స్టిక్కర్లు తీసి బిల్లింగ్ కంప్యూటర్ మీద, ఫ్రిజ్ మీద, స్కూటీ అద్దం మీద అంటించాను. అది కంటబడినప్పుడల్లా దవడ వదలాలి. మొదట్లో అంటించినన్ని చోట్లా పళ్ళు బిగించే ఉండేవి. మానిటరు కింద మందుల అట్టపెట్టె ఒకటి పెట్టి ఎత్తు పెంచాం, మెడ ముందుకి చాచి చూసే అవసరం తప్పింది. మెడ బిగిస్తే దవడ కూడా బిగుస్తుంది.

తిండి దగ్గర కాస్త కష్టమే. ఇడ్లీ, పప్పన్నం, పెరుగన్నం, మెత్తగా ఉడికిన కూరలు. చెక్కలు, జంతికలు, పల్లీపట్టీ, చెరకు ముక్కలు, కాల్చిన మొక్కజొన్న కంకి, ఇవన్నీ కొన్నాళ్ళు బంద్. జామకాయని పళ్ళతో కొరక్కుండా ముక్కలు కోసుకుని తినాలి. ఆవలింత వస్తే గెడ్డం కింద పిడికిలి పెట్టి సగంలో ఆపాలి. ఆవకాయలో టెంక చీకడం కూడా మానమన్నప్పుడు మా అత్తగారికి ఈ డాక్టరమ్మ మీద నమ్మకం పోయింది.

కాపడానికి గోరువెచ్చని తడిగుడ్డ పది పదిహేను నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు. కొత్తగా దెబ్బ తగిలి వాచి ఉంటే మాత్రం వేడి కాదు, గుడ్డలో చుట్టిన ఐసు. మాత్రల దగ్గరికి వస్తే, ఐబుప్రొఫెన్ లాంటివి అన్నం తిన్నాక, కొద్దిరోజులపాటు వాడితే పనిచేస్తాయి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వాటి జోలికి వెళ్ళకూడదు. వాళ్ళకి సాధారణంగా పారాసిటమాల్ మేలు. నొప్పి మాత్రలో కండ సడలించే మందు కూడా కలిపిన బిళ్ళలు చీటీ లేకుండా ఇమ్మని అడుగుతారు. నేను ఇవ్వను. కొన్నిటికి మత్తుగా ఉంటుంది, వేసుకుని బండి మీద నరసరావుపేట వెళ్ళే మనుషులు ఉన్నారు. దీర్ఘకాలం నొప్పి వదలనివాళ్ళకి అమిట్రిప్టిలిన్ చాలా తక్కువ మోతాదులో రాత్రిపూట రాస్తారు. అది డిప్రెషన్ మందు కదా అని కంగారుపడి నా దగ్గరికి వచ్చి అడుగుతారు. ఆ మోతాదులో అది నొప్పి నరాల కోసం.

మందుల వల్లే దవడ బిగుసుకునే సంగతి కూడా ఒకటుంది, కౌంటర్ వెనక ఉండేవాళ్ళకి కనబడేది. సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ జాతి మందులు మొదలుపెట్టాక కొందరు పళ్ళు కొరకడం మొదలుపెడతారు. ఆ మందు సొంతంగా ఆపేయకూడదు, రాసిన డాక్టరుకి చెబితే మోతాదో మందో మారుస్తారు. ఇంకొకటి, వాంతులకి వేసే మెటోక్లోప్రమైడ్. కుర్రవాళ్ళలో ఎప్పుడైనా అది వేసుకున్న కొన్ని గంటల్లో దవడ ఒక పక్కకి లాగి, మెడ తిరిగి, కళ్ళు పైకి పోతాయి. చూసినవాళ్ళు గాలి సోకిందంటారు. హాస్పిటల్లో ఒక ఇంజెక్షన్‌తో త్వరగానే సర్దుకుంటుంది.

నైట్ గార్డు గురించి నన్ను ఎక్కువమంది అడుగుతారు. పళ్ళకి అచ్చు తీసి గట్టి ప్లాస్టిక్ తొడుగు చేయిస్తారు, రాత్రి పెట్టుకుని పడుకోవాలి. నేను చేయించుకున్నాను, ఇప్పటికీ టెన్షన్ రోజుల్లో పెట్టుకుంటాను. పళ్ళు అరగకుండా అది కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. నొప్పి తగ్గించడంలో దాని పాత్ర మనం అనుకున్నంత లేదు. 2023లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలపు దవడ కీలు నొప్పికి మొదటి వరసలో పెట్టినవి వ్యాయామాలు, ఫిజియోథెరపిస్టు చేత్తో చేసే చికిత్స, టెన్షన్ తగ్గించే కౌన్సెలింగ్. తీసి పెట్టుకునే తొడుగుల్ని కూడా ముందుకు తేలేదు. శాశ్వతంగా కరుపు, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ ఆనే తీరు, మార్చే పద్ధతులు వద్దని మాత్రం గట్టిగానే చెప్పాయి. కాబట్టి "పళ్ళు కొంచెం అరగదీసి కరుపు సరిచేస్తే నొప్పి పోతుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకునే ముందు ఇంకొకరి దగ్గర అడగండి. అరగదీసిన పన్ను మళ్ళీ రాదు. కీలులోకి సూది పెట్టి కడగడం, ఆపరేషన్ లాంటివి చాలా కొద్దిమందికి, మిగతావన్నీ అయిపోయాకే. ఎక్కువమందికి ఇంటి జాగ్రత్తలతోనే కొన్ని వారాల్లో దారిలో పడుతుంది. నాకూ అంతే అయింది.

ఇంతవరకూ చెప్పింది దవడ కీలు కథ. చెవిపోటూ దవడ నొప్పీ కలిసి వచ్చినవన్నీ ఇదే అనుకుంటే ప్రమాదం.

మా చెల్లెలు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటుంది. దాని చెవిపోటుకి కారణం కింది జ్ఞానదంతం. పన్ను సగం బయటికి వచ్చి, మీద చిగురు మూతలా ఉండి, అందులో ఆహారం ఇరుక్కుని చీము పట్టింది. నోరు తెరవలేకపోయింది, మింగితే చెవిలో గుచ్చుకునేది. శుభ్రం చేసి, వాపు తగ్గాక పన్ను తీసేశారు. చెవి సంగతి మర్చిపోయింది. చిన్నపిల్లల్లో చెవి కింద వాచి, నమిలితే, పులుపు తగిలితే నొప్పి పెరిగితే గవదబిళ్ళలు కావచ్చు. సర్కారు టీకాల్లో ఇచ్చే ఎంఆర్ తట్టుకీ రుబెల్లాకీ మాత్రమే, అందులో గవదబిళ్ళల భాగం లేదు, ఎంఎంఆర్ వేయించిన పిల్లలకే ఆ రక్షణ. మొహం కడుక్కుంటేనో, గాలి తగిలితేనో కరెంటు షాకు కొట్టినట్టు క్షణం పాటు దవడలో కొట్టి వదిలేస్తే అది నరం నొప్పి, దాని మందు వేరు.

నేను ఎక్కువ రాయదలచుకున్నది మాత్రం వక్కపొడి గురించి. మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసే ఒకాయన వచ్చాడు. మంచి సీజను, చొక్కా నిండా ఎర్రటి దుమ్ము, ఆయన కౌంటర్ దగ్గర నిలబడితే మా షాపులో అందరం తుమ్ముతున్నాం.

"అక్కా, చెవిపోటు. చుక్కలివ్వు."

"నమిలితే ఎక్కువవుతోందా అన్నా?"

"నమలడం సంగతి తర్వాత, అసలు కారమే తినలేకపోతున్నానక్కా. నోరంతా మంట. మజ్జిగన్నం మీద బతుకుతున్నా."

పొద్దున్నుంచీ తేజ మిరపకాయల మధ్య తిరిగే మనిషి, గుంటూరులో పుట్టి గుంటూరులో పెరిగినవాడు కారం తినలేనన్నాడంటే నాకు అనుమానం వచ్చింది. మూడు వేళ్ళు నోట్లో నిలువుగా పెట్టుకోమన్నాను. రెండే పట్టాయి, అవీ బలవంతంగా. చొక్కా జేబులో వక్కపొడి పొట్లాల దండ కనిపిస్తోంది. "గుట్కా, ఖైనీ ముట్టనక్కా, ఇది వట్టి వక్కే" అన్నాడు, నేనేం అనకముందే.

పొగాకు లేకుండా వట్టి వక్క కూడా నోటి లోపలి పొరని గట్టిపరుస్తుంది. దీన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. మొదట కారం తగిలితే మంట, తర్వాత బుగ్గల లోపల రంగు పాలిపోయి తాళ్ళలాంటి పట్టీలు పట్టడం, నోరు మెల్లగా మూసుకుపోవడం. చెవిలో నొప్పి కూడా అందులో భాగమే. క్యాన్సర్‌కి దారి తీయగల జబ్బు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో వెలువరించిన సంపుటంలో వక్కనే, పొగాకు కలవని వక్కనే, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి జాబితాలో చేర్చింది. పెళ్ళి భోజనం అయ్యాక ఒక తాంబూలం వేసుకునేవాళ్ళని నేను అనడం లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి బుగ్గలో పొట్లం ఉండేవాళ్ళని అంటున్నాను. అవి పిల్లలకి కూడా రూపాయికీ రెండు రూపాయలకీ దొరుకుతాయి, తియ్యగా, సోంపు వాసనతో. మా పక్కనున్న బడ్డీ కొట్టులో చాక్లెట్ల సీసా మీదే వేలాడుతుంటాయి.

ఆయన్ని గవర్నమెంటు జనరల్ హాస్పిటల్లో పంటి ఓపీకి వెళ్ళమన్నాను. వెళ్ళాడు. వక్క పూర్తిగా మానేయమన్నారు, బుగ్గల్లోకి ఇంజెక్షన్లు రాశారు, పుల్లల వ్యాయామం చెప్పారు. ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని, కాసేపు ఉంచి, అలవాటయ్యాక ఇంకొకటి దూర్చడం. మొన్న వచ్చినప్పుడు ఇంకో పుల్ల ఎక్కిందని చెప్పాడు. బిగిసిన నోరు పూర్తిగా మామూలుకి వస్తుందని చెప్పలేరు. మచ్చలు, పుండ్లు లేస్తున్నాయేమో ఎప్పటికప్పుడు చూపించుకుంటూ ఉండాల్సిందే.

ఇంక ఆలస్యం చేయకూడనివి. మెట్లెక్కితేనో, బస్సు కోసం పరుగెత్తితేనో దవడలో నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతుంటే అది దవడ కాదు, గుండె కావచ్చు. చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు తోడైతే 108కి ఫోన్ చేయాలి, నా దగ్గరికి గ్యాస్ మాత్రకి రాకూడదు. వస్తారు, అందుకే రాస్తున్నాను. షుగరు ఉన్న పెద్దవాళ్ళకి రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని చెవిపోటు, చెవి నుంచి చీము ఉంటే ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగుతుందేమో చూడాలి, అది ఇంట్లో కూర్చుని చుక్కలు వేసుకునే జబ్బు కాదు. చెవి దగ్గర నీటి పొక్కులు లేచి మూతి వంకర పోతే అదే రోజు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, మందు తొందరగా పడితేనే మేలు. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణతల్లో నొప్పి, నమిలితే దవడ అలసిపోవడం, దువ్వెన తగిలితే తల నొప్పి పుట్టడం, చూపు మసకబారడం, ఇవి కలిస్తే కంటిచూపుకే ముప్పు. పొగాకు అలవాటు ఉండి, ఒకే పక్క చెవిపోటు మూడు వారాలు దాటి, చెవి చూస్తే శుభ్రంగా ఉంటే, గొంతు బొంగురు, మింగడంలో ఇబ్బంది ఉన్నా లేకపోయినా, గొంతు లోపల కెమెరాతో చూపించుకోవాలి. ఆవలించి నోరు మూతపడక అలాగే ఉండిపోతే సొంతంగా నొక్కకుండా క్యాజువాల్టీకి వెళ్ళండి, కీలు చోటికి తెచ్చే పద్ధతి వాళ్ళకి తెలుసు.

ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలంటే నా ఓటు ఈఎన్‌టీకే. చెవిలో ఏమీ లేదని తేలితే తర్వాత డెంటిస్టు. వీలైతే ఓరల్ మెడిసిన్, అంటే నోటి జబ్బుల వైద్యం గానీ, నోటి దవడ సర్జరీ గానీ చదివినవాళ్ళు. ఇక్కడ జనరల్ హాస్పిటల్లో ఈఎన్‌టీ, పంటి విభాగాలు రెండూ ఉన్నాయి, విజయవాడలో ఉండేవాళ్ళకి గవర్నమెంటు డెంటల్ కాలేజీ ఉంది. వెళ్ళేటప్పుడు పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, ఏ పక్క, నమిలితే ఏమవుతోంది, చప్పుడు ఉందా, ఇవి కాగితం మీద రాసుకెళ్ళండి. వాడే మందులన్నీ చెప్పండి, వక్కపొడితో సహా. మాత్రల పేర్లు గుర్తులేకపోతే ఖాళీ స్ట్రిప్పు జేబులో వేసుకెళ్ళండి. "తెల్ల బిళ్ళండీ, గుండ్రంగా ఉంటుంది" అంటే డాక్టరుకీ తెలియదు, నాకూ తెలియదు.